సాయవ్వ చేతి రొట్టె

సాయవ్వ చెంబుతో నీళ్లు అందించబోతే ఆ చెరుకు బండి మనిషి చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"వద్దు తియ్యక్కా. నా తాన ఉన్నయి."

ఆయన దగ్గర చుక్క నీళ్లు లేవు. నాలుగడుగులు వేసి ఇంకొకరిని అడిగి తాగడం ఆమె కళ్లారా చూసింది.

అది అరవై నాలుగో సంవత్సరం. ఎక్కడెక్కడి దేశాలో తిరిగి వచ్చిన కలరా గత్తర వానాకాలమంతా బోధన్ చుట్టుపక్కల ఊళ్లను ఊడ్చుకుపోయింది. వాంతులు, విరేచనాలు, తెల్లారేసరికి మనిషి లేడు. కార్తీకం వచ్చాక గానీ అది తగ్గలేదు.

ఇప్పుడు చక్కెర ఫ్యాక్టరీలో ఈ ఏటి చెరుకు ఆడించడం మొదలైంది. చెరుకు బండ్లు రోడ్డు పొడుగునా వరస కట్టాయి. అంగడి మళ్లీ కూడింది. టాకీసులో ఆటలూ పడుతున్నాయి.

సాయవ్వ రొట్టెల పాక దగ్గరికి మాత్రం ఎవరూ రావడం లేదు.

కారణం ఒకే ఒక్క మాట. పక్కనున్న మోస్రా ఊళ్లో గత్తరకు మొదట పోయిన ఆడపిల్ల, అంతకు ముందురోజు అంగడికొచ్చి సాయవ్వ దగ్గర రొట్టె తిన్నదట. పిల్ల తల్లి గుండెలు బాదుకుంటూ అలా అన్నదట. నిజమో అబద్ధమో ఎవరు చూడొచ్చారు? అదే రొట్టె రోజూ తినే సాయవ్వ గుండ్రాయిలా ఉంది. అయినా ఆ మాట చెరుకు బండ్లెక్కి ఊరూరా తిరిగింది.

బండ్లవాళ్లకో కట్టుబాటు ఉంది. ఒక ఊరివాళ్లు ఒక పాకను వదిలేశారంటే మిగతా ఊళ్లవాళ్లూ అటు చూడరు. మోస్రా బండ్లు సాయవ్వ పాకను వదిలేశాయి.

"పుష్యం దాక జూస్త. గిట్లనే ఉంటె పాక పీకేసి భీమండి బట్టల మిల్లులకు పోత," అంది సాయవ్వ, పక్కన బెల్లం అమ్ముకునే ఈరవ్వతో.

"గా దేశంల నీకెవలున్నరే?"

"గీడ మాత్రం ఎవలున్నరు?"

మొగుడు పోయిన మనిషి. ఆ పొయ్యి తప్ప ఆమెకు వేరే దిక్కు లేదు.

ఒక మధ్యాహ్నం కొత్తాయన ఒకడు బండి దిగి వచ్చాడు. నలభై దాటి ఉంటాయి. గడ్డం మాసిపోయి ఉంది.

"రొట్టె ఉన్నదా అక్కా?"

సాయవ్వ ఉలిక్కిపడింది.

"ఉన్నదన్నా. లోపటికి రా, నీడకు కూసో."

"వద్దు. గీడనే కూసుంట."

రోడ్డు అంచున, బండ్లన్నిటికీ కనబడేచోట గోనెసంచి పరుచుకుని కూర్చున్నాడు. ఆమె వేడి వేడి జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం పెట్టింది. సొంత నీళ్ల బుర్ర పక్కనే ఉన్నా, ఆమె కుండలో నీళ్లే అడిగి తాగాడు.

"ఇంకో రొట్టె ఎయ్యి!" అని గట్టిగా కేకేశాడు. వరసలో ఉన్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు.

కేకైతే వేశాడు గానీ ముద్ద గొంతు దిగడం లేదు. నములుతూనే ఉన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కారం ఎక్కువైందా అన్నా?"

"లేదక్కా. మంచిగున్నది."

"ఏ ఊరు మీది?"

"గీ పక్కకే."

అప్పటినుంచి బండి వచ్చినప్పుడల్లా వచ్చేవాడు. అదే చోటు, అదే కేక. మాటలు మాత్రం తక్కువ. ఒకనాడు ఉండబట్టలేక సాయవ్వే తన గోడు వెళ్లబోసుకుంది.

"గత్తర పోయిందంటరు. అందరు ఎప్పటిలెక్క తిరుగుతున్నరు. నాకే ఎప్పుడైతదో ఏమో, ఎప్పటిలెక్క!"

ఆయన లేచి గోనెసంచి దులిపి మడుచుకున్నాడు.

"నీకైతే అయితదక్కా," అన్నాడు.

నిజంగానే అయింది. ముందు ఇద్దరొచ్చారు. తర్వాత మరో నలుగురు. ఎదురుపడితే మొహం తిప్పుకునే మోస్రా హన్మండ్లు కూడా వచ్చి చెంబు చాపి నీళ్లడిగాడు. పుష్యం నాటికి పొయ్యి ఆరిందే లేదు. రొట్టెలు కొట్టడానికి రెండు చేతులు చాలక సాయవ్వ ఈరవ్వను కూడా పిలుచుకుంది. ఎంత సంతోషమో చెప్పలేం. ఆ సంతోషంలోనే కాస్త కళ్లు నెత్తికెక్కాయి కూడా.

ఒకరోజు పాక కిటకిటలాడుతోంది. ఆయన ఎప్పటిలాగే గోనె మీద కూర్చుని నములుతున్నాడు.

"ఏందన్నా, ఒక్క రొట్టెకు గింతసేపా? జర లెవ్వు. ఎనుక మనుషులు నిలబడ్డరు," అని సాయవ్వ కసిరింది.

ఆయనకు కోపం రాలేదు. చుట్టూ తింటున్న జనాన్ని ఒకసారి చూశాడు. ఎందుకో మొహం తేటపడింది.

"అవునక్కా. ఇగ నాతోటి పనిలేదు," అని చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు. ఆయన బండి కూడా వరసలో కనబడలేదు.

సాయవ్వకు మనసు పీకడం మొదలైంది. ఎవరూ రానినాడు వచ్చిన మనిషిని అంత మాట అన్నానే అని తనను తాను తిట్టుకుంది. చివరికి హన్మండ్లును అడిగింది.

"రోడ్డు మీద కూసుండి తినే అన్న ఏడున్నడు? ఒక్కపారి పిలువు. కడుపు నిండ పెట్టాలె."

"లింబయ్యనా? ఎడ్లనమ్మి, పెండ్లాన్ని తోలుకొని పోయిండు. గా ఇంట్ల ఇగ ఉండలేమన్నడు. యాడికి పోయిండో మాగ్గూడ తెల్వదు."

"అయ్యో, ఏమొచ్చెనే పాపం?"

హన్మండ్లు తింటున్న చెయ్యి ఆపాడు.

"చెప్పొద్దన్నడు గని... మేమంత మళ్ల నీ రొట్టె ఎందుకు ముట్టినమనుకున్నవక్కా?"

"ఆయన తింటుంటె జూసి ధైర్యమైంది గావచ్చు."

"ఎవలో తింటె మాకు ధైర్యమెందుకైతది?" హన్మండ్లు గొంతు తగ్గించాడు. "మోస్రాల మొదలు పోయిన గా పిల్ల, లింబయ్య బిడ్డనే."