చప్పట్ల క్లాసు

ఎనెలెసి టీచరు సైన్సు క్లాసులో చెయ్యెత్తితే లాభం లేదు. జవాబు తెలిసినవాళ్లు రెండు చప్పట్లు కొట్టి, పేరు చెప్పి, ఆ తర్వాతే నోరు విప్పాలి. పిల్లలు తొంభై మంది. దీనికన్నా మ్జింబా సంత నయం.

"లుసుంగు, మేడం! బూడిద నీళ్లు సబ్బులా జారుతున్నాయి!"

"అయితే?"

"క్షారం!"

"వెజి, మేడం! నిమ్మరసం పోస్తే సోడా బుస్సుమంది. అచ్చం మా నాయనమ్మే!"

క్లాసంతా గొల్లుమంది.

పుట్టుగుడ్డి తవోంగా ఈ క్లాసులోకి వచ్చినప్పటి నుంచీ ఇదే పద్ధతి. ఏదైనా ముట్టుకుని, వాసన చూసి, విని తెలుసుకోవాలి. రంగు మారితే పక్కవాళ్లు అరిచి చెప్పాలి. బోర్డు మీద రాసేది పిల్లలే, పైకి చదివేదీ పిల్లలే. ఇదివరకు సైన్సు పీరియడంటే తవోంగాని వరండాలో కూర్చోబెట్టేవాళ్లు. ఇప్పుడు క్లాసులో ఫస్టు.

వెనక బెంచీ కిర్రుమంది. బూటు పాలిష్ వాసన. జిల్లా అధికారి గోండ్వే వచ్చాడు, వెంట హెడ్మాస్టరు. తవోంగా ఇక్కడే చదవాలా, పట్నంలో అంధుల బడికి పోవాలా అన్నది తేల్చేది ఆయనే. పాఠం బాగా సాగితే ఉండనిస్తాడని ఎనెలెసి ఆశ.

తవోంగాకి మూడు సీసాలిచ్చారు.

"ఇది వెనిగర్. ఇది బూడిద నీళ్లు. ఇది... ఉత్త నీళ్లు. మోసం, మేడం!"

చప్పట్లు మోగిపోయాయి. అందరికన్నా గట్టిగా కొట్టింది గోండ్వేనే.

"అద్భుతం! ఇంత చురుకైన పిల్లని ఇక్కడ మగ్గబెట్టడం పాపం మేడం. పట్నంలో సీటుంది. సోమవారం జీపు పంపిస్తా."

ఎనెలెసి ఒకడుగు ముందుకేసింది. "అందరితో కలిసి బాగానే చదువుతోంది కదా సార్. కనీసం ఈ టర్మ్ అయ్యేదాకా..."

"దాని భవిష్యత్తుకి అడ్డం పడతారా?"

గోండ్వే అంతటితో ఆగలేదు.

"మీకూ శ్రమ తప్పుతుందిలెండి. హాయిగా అందరిలా బోర్డు మీద రాసుకోండి. చార్టులూ పంపిస్తా."

"ఆ చప్పట్ల గోల కూడా ఆగుతుంది సార్," హెడ్మాస్టరు నవ్వాడు. "పక్క క్లాసులో నా పాఠం నాకే వినబడదు."

బూట్ల చప్పుడు దూరమైంది. గంట కొట్టగానే పిల్లలు మేకల మందలా బయటికి ఉరికారు. గోడ వెంబడి ఒక్క జత కాళ్లు మాత్రం నెమ్మదిగా ఇటే వచ్చాయి.

"ఏడుస్తున్నారా మేడం?"

"లేదే. బూడిద పడింది. నువ్వు వెళ్లమ్మా తవోంగా, అక్కడ మంచి చదువొస్తుంది."

దగ్గర్లో ఎవరూ లేరని నమ్మకం కుదిరేదాకా ఆ పిల్ల చెవులు రిక్కించి నిలబడింది. తర్వాత గుసగుసగా అడిగింది.

"మరి నేనెళ్లిపోతే, మీక్కూడా కళ్లు కనబడవని వీళ్లకి తెలిసిపోదా మేడం?"