కిలో తక్కువ

"కిలో తగ్గినవ్ బిడ్డా!"

కొత్తగూడ చౌరస్తాలో పెంటయ్య ఆ మాట అనగానే, ప్రవీణ బరువు మిషన్ మీదే చిన్న గంతు వేసింది.

"దిగి దుంకు తల్లీ. మిషన్ పాతది, నేను ఇంకా పాతోణ్ణి."

పక్కన చాయ్ బండి కిష్టయ్య నవ్వాడు. ప్రవీణ అతనికీ ఓ నవ్వు విసిరి ఇంటికి పరుగెత్తింది.

పెళ్ళయి మూడు నెలలు. కాకినాడ పిల్ల. హైటెక్ సిటీలో కొత్తగా లేచిన అద్దాల భవనంలో రిసెప్షనిస్టుగా ఎంపికైంది. ఒక్కటే మెలిక. రెండు నెలల్లో వైద్య పరీక్ష. బరువు అరవై దాటకూడదు.

ఉన్నది అరవై ఆరు.

రోజూ తెల్లారగట్ల గచ్చిబౌలి దాకా నడక. మధ్యాహ్నం ఒక్క పుల్కా. రాత్రి గ్లాసుడు మజ్జిగ. రెండు వారాలు మాడినా ముల్లు వెంట్రుకవాసి కదల్లేదు. ఆ పుల్కా కూడా మానేసింది. మూడోనాడు పెంటయ్య ముందే కళ్ళు తిరిగి పడింది.

ఆ తర్వాతే ఈ కబురు.

అది మొదలు వారానికో కిలో. తగ్గిందని తెలిసిన ఉత్సాహంలో ఇంటికెళ్ళి కాస్త పప్పన్నం తినేది.

"ఏమండీ, అరవై రెండు!"

చైతన్య పేపరు దించాడు. "మరి జాకెట్టు హుక్కులు పట్టట్లేదన్నావు?"

"ఉతికితే ముడుచుకుపోయింది లెండి. దిష్టి పెట్టకండి."

"సరే, మొదటి జీతంతో ఏం కొంటావు?"

"బాల్కనీలోకి పేము ఉయ్యాల. ఇద్దరం పట్టేది."

"ఇంకో రెండు కిలోలు తగ్గు. అప్పుడెక్కుతా."

దిండు విసిరింది. గురి తప్పలేదు.

పరీక్ష ముందురోజు పెంటయ్య మిషన్ మీద సరిగ్గా అరవై.

పరీక్షనాడు డాక్టరు మిషన్ మీద అరవై ఎనిమిది.

"పొరపాటండీ. నిన్ననే చూసుకున్నాను."

"మూడుసార్లు చూశానమ్మా. మెడ దగ్గర వాపులా ఉంది, ఓసారి రక్తపరీక్ష చేయించుకో. తర్వాతి వాళ్ళని రమ్మను."

బయటికొచ్చిన ప్రవీణ ఇంటికి వెళ్ళలేదు. తిన్నగా చౌరస్తాకి వచ్చింది.

"నీ దొంగ మిషన్ని నమ్మి నా ఉద్యోగం పోయింది! ఎనిమిది కిలోలు! ఎందుకిలా చేశావు?"

పెంటయ్య కాదనలేదు. తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు.

"పొద్దుగాల సంది ఏమన్న తిన్నవా బిడ్డా?"

"పైగా వెటకారమా!"

రెండు చేతులా మిషన్ ఎత్తి రాయి మీద కొట్టింది. అద్దం పగిలి ముల్లు ఊడిపడింది. పెంటయ్య ముక్కలు ఏరుకుని, కండువాలో మూటకట్టుకుని వెళ్ళిపోయాడు.

వారం తిరగకుండా ఆ ఉద్యోగంలో ఇంకో అమ్మాయి చేరింది.

రక్తపరీక్షలో థైరాయిడ్ అని తేలింది.

"నువ్వెంత నడిచినా, ఎంత మాడినా మందు లేకుండా ఈ ఒళ్ళు తగ్గదు" అంది డాక్టరమ్మ. "మందు వేసుకున్నా నెలలు పడుతుంది. మధ్యలో ఆ నాలుగు మెతుకులైనా తిన్నావు కాబట్టి నిలబడ్డావు. లేకపోతే ఈపాటికి మంచం పట్టేదానివి."

తిరిగొస్తూ చౌరస్తాలో ఆగింది. పెంటయ్య కూర్చునే చోటు ఖాళీగా ఉంది.

"ఏడీ మీ పెంటయ్య? కొత్త మిషన్‌తో ఇంకెవర్ని ముంచుతున్నాడు?"

కిష్టయ్య పొయ్యి మీంచి పాలగిన్నె దించాడు.

"నిన్న పోయిండమ్మా. నాలుగొద్దులు జరమొచ్చింది."

ప్రవీణ చేతిలోని మందుల చీటీని మడిచింది. మళ్ళీ మడిచింది.

"మరి... అందరికీ అలాగే తప్పు బరువు చెప్పేవాడా?" అంది చివరికి.

"అందరికి సరిగ్గనే చూపిచ్చేది."

"మరి నాకు?"

కిష్టయ్య పాలగిన్నె మీద మూత పెట్టాడు.

"రేపు మూడోదినం. ఖాజాగూడల ఆయన పేర పిట్టకు మెతుకులు పెడ్తున్నరు, నేను పోతున్న. నువ్వు గూడ రా అమ్మా, ఓ ముద్ద తినిపో. తగ్గినవని చెప్తేనే ఆ పిల్ల ఇంత అన్నం ముడ్తదని, నీ ఒక్కదానికే ముల్లు ఎనకకు తిప్పేటోడు."