దీవి సొత్తు

దీవి చూడ్డానికి ఎర్రయ్య, భార్య పోలమ్మ మనిషి నడపని పడవలో వెళ్లారు. దీవి ఇప్పుడు కంపెనీది. అక్కడి గవ్వ కూడా బయటికి పోకూడదు. అందుకే పడవ మనుషుల్ని తూచి దింపి, మళ్లీ తూచి ఎక్కించుకుంటుంది.

హాయిగా తిరిగారు. చిన్నప్పటి అలవాటుకొద్దీ ఎర్రయ్య పీతలు పట్టాడు. ఇద్దరూ కాల్చుకుని తిన్నారు.

సాయంత్రం ఆఖరి పడవ కదల్లేదు.

“బరువెక్కువ. దీవి సొత్తు దించండి” అంది.

చెప్పులు, సద్దిగిన్నె పారేశారు. చాల్లేదు.

“పీతలు మావా.”

“కడుపులోది ఎలాగ దించీది?”

గొంతులో వేళ్లు పెట్టుకున్నా రాలేదు. పోటెక్కి దీవి ఇసుకంతా మునుగుతోంది. ఎర్రయ్య నీళ్లలోకి దిగాడు.

“నువ్వెల్లు. ఇంటికాడ పిల్లకి పాలియ్యాల.”

పడవ వెంటనే కదిలింది. ఆపమని పోలమ్మ తలుపులు బాదింది.

మనిషంత బరువు తగ్గిందేమని పడవ అడగనే లేదు.