మామగారి పుట్టుమచ్చ

“ఇంకా గట్టిగా రుద్దండి బావగారూ! ఊడిందా, మూటాముల్లే సర్దుకుని నేనే పోతా,” అంది ఉగోయే, పన్నెండు రోజుల పసిగుడ్డును ఒళ్ళో బోర్లా పట్టుకుని.

ఒక్వుదిలి తడిగుడ్డకు సబ్బు పట్టించి మరీ రుద్దాడు. పిల్ల కెవ్వుమంది. కుడి పిర్ర మీద బొబ్బరగింజంత నల్లమచ్చ మాత్రం చెక్కుచెదరలేదు.

తండ్రి, అంటే ఒక్వుదిలి తమ్ముడు, పోయిన ఐదో నెలలో పుట్టింది ఆ పిల్ల. పైన ఇద్దరూ ఆడపిల్లలే. ఈసారీ ఆడపిల్లే అనగానే, “మగబిడ్డ లేని విధవకి మా నాన్న కట్టిన ఇంట్లో పనేమిటి? పుట్టింటికి పొమ్మనండి!” అని ఒక్వుదిలి గొడవకు దిగాడు. అప్పుడే పురుడు పోసిన అత్త న్వాకేగో, పిల్లను తిప్పి చూసి గుండెలు బాదుకుంది.

“అమ్మో, ఇది మా ఆయన మచ్చే! నా మొగుడే తిరిగొచ్చాడు!”

పోయిన పెద్దలు తమ మచ్చలతోనే మళ్ళీ ఆ ఇంట్లో పుడతారని న్సుక్కా చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. ఇల్లు కట్టిన ఆనిక్వే ముసలాయన తన ఇంటికి తానే వచ్చాడంటే ఆయన్ను గెంటేదెవరు? ఆయన్ను కన్నతల్లిని గెంటేదెవరు?

“ఇది ఆడాళ్ళు ఒంటిమీద ముగ్గులేసుకునే కాయరసం. ఎనిమిది రోజుల్లో పోతుంది,” అన్నాడు ఒక్వుదిలి. అందుకే పన్నెండు రోజులు ఆగారు.

వంశపెద్ద ఇలోకా కళ్ళజోడు సవరించుకుని వంగి చూశాడు. “రంగు కాదురా.”

“అయితే పసిపిల్లలందరికీ ఉండే నీలిమచ్చ! పళ్ళూడే వయసుకి అదే పోతుంది!”

“పదకొండుమందిని పెంచా, నీలిమచ్చ నాకు తెలీదా? ఇది ఉబ్బెత్తుగా ఉంది, మీద వెంట్రుక కూడాను. ఇది పోయే రకం కాదు.”

“అసలు నాన్నకి అక్కడ మచ్చుందని ఎవరు చూశారు?”

న్వాకేగో కర్ర నేలకి ఊని లేచింది. “తండ్రి పిర్రలు కొడుకులు చూస్తార్రా, సిగ్గులేనోడా? నలభై ఏళ్ళు కాపురం చేసిందాన్ని. పోయిన రోజు నీళ్ళు పోసిందాన్ని. నేను చూశా!”

ఇలోకా అత్త వంక, కోడలి వంక చూశాడు. ఉప్పు దగ్గర, పొయ్యి దగ్గర, నీళ్ళకుండ దగ్గర ఆ ఇద్దరికీ రోజూ యుద్ధమేనని ఊరంతటికీ తెలుసు.

“కోడలి పొడ గిట్టని మనిషి, కోడలి కోసం అబద్ధమాడుతుందా?” అంటూ, తిరిగొచ్చిన పెద్దకి మర్యాదగా కోలాకాయ విరిచాడు. “మీ నాన్నేరా. దణ్ణం పెట్టు. ఇల్లు ఆయనది.”

ఒక్వుదిలి పళ్ళు నూరుకుంటూ వంగి పిల్లను చేతుల్లోకి తీసుకున్నాడు. “నాన్నా... బాగున్నావా?”

పిల్ల అతని చొక్కా తడిపేసింది. అందరూ గొల్లున నవ్వారు.

“ఆయన కోపం ఇంకా తగ్గలేదు బావగారూ,” అంది ఉగోయే తలెత్తి.

జనం వెళ్ళిపోయాక న్వాకేగో పొయ్యి దగ్గరకొచ్చి పులుసు నాలుక్కి తగిలించుకుంది. “ఉప్పు కషాయం! నీ చేతికేం తెగులే?”

ఉగోయే మొదటిసారి ఎదురు చెప్పలేదు. పిల్ల మచ్చ మీద నూనె రాస్తూ, “అత్తా, మామయ్యకి కూడా సరిగ్గా ఇక్కడేనా?” అని అడిగింది.

“ఆయనకి మచ్చెక్కడిదే!” అంది అత్త.