వెనక్కి పెట్టుకున్న చేతులు

“మళ్లీ డబ్బాపాలేనా?” నర్సు మార్తమ్మ పోలేరమ్మ చేతిలోని పాలసీసా లాక్కుంది. పోలేరమ్మ ఒళ్లో మూడు నెలల మనవరాలు గుక్కపట్టింది.

“వాళ్లమ్మ ఇవ్వకపోతే నన్నేం చేయమంటావు నర్సమ్మా?” అంది పోలేరమ్మ.

కోడలు కోటేశ్వరి మిరపకోత నుంచి అప్పుడే వచ్చింది. చీర మీద తొడుక్కున్న మొగుడి చొక్కా దండెం మీద పడేసి, చేతులు కడుక్కుని, వాటిని వెనక్కి పెట్టుకుని గుమ్మంలోనే నిలబడింది.

“ఏందమ్మా, పోయినసారి అంత మొత్తుకుంటే గోడకు చెప్పినట్టేనా? రా, పిల్లనెత్తుకో.”

కోటేశ్వరి కదల్లేదు.

“చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుడతంది గానీ, మీకు చీమ కుట్టినట్టయినా లేదు. కన్నతల్లివేనా నువ్వు?”

మార్తమ్మ విసురుగా వెళ్లి, ఆమె రెండు చేతులూ పట్టుకుని బరబరా లోపలికి లాక్కొచ్చింది. తన నుదుటి చెమట తుడుచుకోబోతే వేలు కంటికి తగిలింది. కన్ను భగ్గుమంది.

“అమ్మో!”

“సబ్బుతోనే కడుక్కున్నా నర్సమ్మా, మీరు చెప్పినట్టే.” కోటేశ్వరి చేతులు మళ్లీ వెనక్కి లాక్కుంది. “ఎన్నిసార్లు కడిగినా ఈ మిరప ఘాటు పోవట్లా. మొన్న పాలిస్తుంటే నా వేలు తగిలి పిల్ల మూతంతా మండింది. ఒకటే ఏడుపు. అందుకే ముట్టుకోవట్లా.”

మార్తమ్మ రెండో కన్ను తెరిచి చూసింది. కోటేశ్వరి రవిక పాలతో తడిసి ఉంది.

పిల్ల ఇంకా ఏడుస్తూనే ఉంది.

“పోలేరమ్మా, నీ కోడలి రవిక నువ్వు విప్పు. పిల్లను నువ్వే పట్టుకో, తాగనీ” అంది మార్తమ్మ. “నా చేతులూ పనికిరావిప్పుడు.”

అని, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.