మూడో భాగం తర్వాత

భోజనాల బల్ల మీద డిస్కులు, స్వయంవరానికి విచ్చేసిన రాజకుమారుల్లా, ఛాతీలు విరుచుకుని వరసగా నిలబడ్డాయి.

వరమాల విమర్శకులవారి చేతిలో ఉంది. అంటే, ఎర్ర పెన్సిలు.

ఒక మహా స్వరకర్త రాసిన చివరి మూడు సింఫనీలు. ఒక్కొక్కదానికీ దొరికిన రికార్డింగులన్నీ విని, ఏది ఉత్తమమో ఆదివారం పత్రికలో తీర్పు చెప్పాలి. మొదటి రెండింటి తీర్పులూ వెలువడ్డాయి. జగద్విఖ్యాతులైన ఇద్దరు ఆర్కెస్ట్రా నిర్దేశకులు పదవీచ్యుతులయ్యారు. అంటే, విమర్శకులవారి అల్మారాలో పై అర నుంచి కింది అరకు దిగారు.

ఇక మిగిలింది ఆఖరి సింఫనీ.

గిట్టనివాళ్ళు వారిని కర్ణపిశాచి అంటారు. వారు దాన్ని బిరుదుగా స్వీకరించారు. నూరుమంది వాయిస్తుండగా ఒక్క వయొలిన్ తీగ వెంట్రుకవాసి సడలినా ఆ చెవికి చిక్కి తీరుతుంది.

"కుళాయి!" అని కేకేశారు.

"కట్టేశానండీ," అంది భార్య వంటింట్లోంచి. "ఊపిరి కూడా కట్టేయమంటారా?"

ఫోను మోగింది. చిన్ననాటి స్నేహితుడు. సంగీత పాఠశాలలో పిల్లలకు తాళం నేర్పి రిటైరైనవాడు. లయ తప్పడం ఎరగని మనిషి కనుక, టిక్కుటిక్కుమంటూ తాళం వేసే పెట్టె పేరే అతనికి పెట్టారు విమర్శకులవారు. మెట్రోనోమ్. నిద్రలో గురక కూడా లెక్క ప్రకారమే పెడతాడని ప్రతీతి.

"ఒరేయ్, మన టౌన్ హాలు కచేరీ డిస్కు కూడా నీకు పంపారట కదా?"

"వచ్చింది."

"దాన్ని అవతల పారెయ్. మైకులు జనం నెత్తిన పెట్టి చచ్చారు. నేను వెళ్ళానుగా, అంతా దగ్గులూ తుమ్ములే."

"వినకుండా తీర్పు చెప్పే రకాన్నట్రా నేను?"

"అది కాదురా..." అని ఆగాడు మెట్రోనోమ్. "సరేలే. చెల్లెమ్మ బాగుందా?"

"బాగానే ఉంది. గిన్నెలతో కచేరీ చేస్తోంది."

ఫోను పెట్టేశాక వంటింట్లోంచి ప్రశ్న వచ్చింది. "ఎవరండీ?"

"మెట్రోనోమ్."

"ఓహో, అన్నయ్యగారా," అంది భార్య.

ఆ కచేరీ జరిగిన సాయంత్రం విమర్శకులవారు పొరుగూరి పోటీల్లో న్యాయనిర్ణేత పీఠం అలంకరించి ఉన్నారు. భార్య వాళ్ళ అక్కయ్య ఇంటికని వెళ్ళింది.

ఆ టౌన్ హాలు డిస్కే పెట్టారు. హెడ్‌ఫోన్లు కిరీటంలా ధరించారు. కళ్ళు మూసుకున్నారు.

ఆ సింఫనీలో మూడో భాగం ఒక ఉచ్చు. కవాతులా మొదలై, కోటగోడలు కూలినట్టు ముగుస్తుంది. అంతటితో అయిపోయిందనుకుని తెలియనివాళ్ళు చప్పట్లు కొడతారు. అవదు. నెమ్మదిగా, లోలోపల కుమిలే నాలుగో భాగం ఇంకా ఉంటుంది.

పెళ్ళయిన కొత్తలో, ఇద్దరూ కలిసి వెళ్ళిన కచేరీలో, భార్య కూడా అక్కడే కొట్టింది. హాలు మొత్తంలో ఒక్కతే.

"ఇంకా అవలేదు!" అని వారు కొట్టిన బుస బాల్కనీ దాకా వినిపించింది. ఆ పైన, ఈవిడెవరో తానెరగనట్టు, పక్క కుర్చీలోకి జరిగారు.

ఇల్లు చేరేదాకా ఉపన్యాసం.

అప్పటినుంచీ ఆవిడ ఏ కచేరీకీ రాలేదు. "నాకెందుకండీ అవన్నీ," అనేది.

హెడ్‌ఫోన్లలో కవాతు ఉప్పొంగింది. కోటగోడలు కూలాయి.

చప్పట్లు.

ఒక్క జత చేతులు. పట్టలేని సంతోషంతో, గబగబా.

విమర్శకులవారు చిరునవ్వు నవ్వారు. పాపం, ఎవరో అజ్ఞాని. ఎర్ర పెన్సిలు పైకి లేచింది.

అంతలో రెండో జత కలిసింది.

ఇవి గబగబా పడలేదు. తాపీగా, ఎడం తప్పకుండా, అప్పుడే ముగిసిన కవాతు లయలోనే పడ్డాయి. వెంట్రుకవాసి అటూ ఇటూ కాలేదు.

పెన్సిలు గాలిలోనే ఆగింది.

తర్వాత ఒక నవ్వు. అరచేతిలో నొక్కేసినా, చివర ఎక్కిళ్ళలా విరిగిన నవ్వు.

అది ఎవరి నవ్వో పోల్చుకోవడానికి అంతటి చెవికీ కొంత సేపు పట్టింది. ఆ నవ్వు ఇంట్లో విని చాలా కాలమైంది.

వెనక్కి తిప్పి మళ్ళీ విన్నారు. మళ్ళీ తిప్పారు. ఏ రికార్డింగునూ వారు అంత శ్రద్ధగా విని ఉండరు.

అక్కడ చప్పట్లు కొట్టకూడదని ఏళ్ళ తరబడి పిల్లలకు పాఠం చెప్పినవాడు మెట్రోనోమ్. అతను పొరపాటున కొట్టి ఉండడు.

"ఒకసారి ఇలా రా."

భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నాకేం తెలుస్తుందండీ?"

"కూర్చో."

హెడ్‌ఫోన్ల తీగ పీకేశారు. కవాతు గదినిండా పరుచుకుంది. డిస్కులన్నీ సభాసదుల్లా చూస్తున్నాయి.

కోటగోడలు కూలాయి. ఒక జత. రెండో జత. నవ్వు.

ఆవిడ చేతిలోని తువ్వాలు కదలడం మానేసింది.

"ఆ రోజు మీ అక్కయ్య కులాసాయేనా?" అన్నారు విమర్శకులవారు. గొంతు సాఫీగానే పలికింది. మాట చివర మాత్రం కొంచెం శ్రుతి జారింది.

నాలుగో భాగం మొదలైంది. వయొలిన్లు ఒక్కొక్క మెట్టే కిందికి దిగుతున్నాయి.

"ముందు కొట్టింది నేనేనండీ," అంది ఆవిడ. "ఆయన తర్వాత కొట్టారు."

అన్నయ్యగారు అనలేదు.

విమర్శకులవారు డిస్కు ఆపడానికి చేయి చాచారు.

"ఉండనివ్వండి," అంది ఆవిడ, కళ్ళు మూసుకుని. "ఇంకా అవలేదు."