ఒకసారి అంటే అవును

నా బూట్లకు ఒక్కోదానికి అరవై మేకులు.

అవి తొడుక్కుని ఏథెన్స్‌లో, పార్లమెంటు ముందు, పేరు తెలియని సైనికుడి సమాధి పక్కన గంటసేపు కదలకుండా నిలబడటం నా పని.

ఆరడుగులు దాటినవాళ్ళనే దీనికి ఎంచుతారు. బుర్ర సంగతి ఎవరూ అడగరు.

మాట్లాడకూడదు. తల తిప్పకూడదు. ముక్కు మీద ఈగ వాలినా తోలకూడదు.

అందుకే మాకు పంటెలిస్ ఉన్నాడు. మామూలు సైనిక దుస్తుల్లో మా చుట్టూ తిరుగుతూ, టోపీ కుచ్చు సర్దుతాడు, చెమట తుడుస్తాడు, ప్రశ్నలు వేస్తాడు. మేం కళ్ళతో జవాబిస్తాం. గట్టిగా ఒకసారి మూస్తే అవును. రెండుసార్లు మూస్తే కాదు.

“ఏరా, మాడిపోతున్నావా?”

ఒకసారి.

“పడిపోయేలా ఉన్నావా?”

రెండుసార్లు.

“అయితే నోరు మూసుకుని నిలబడు” అనేవాడు, నేనేదో వాగుతున్నట్టు.

ప్రతి ఆదివారం పొలిక్సెని వచ్చేది. అరవై దాటిన మనిషి. గోడ మీద చెక్కిన యుద్ధాల పేర్లలో సైప్రస్ అన్నచోట చూపు ఆపేది. ఆమె తమ్ముడు ఆర్గిరిస్ డెబ్బై నాలుగులో అక్కడికి యుద్ధానికి వెళ్ళాడు. మళ్ళీ మనిషీ రాలేదు, కబురూ రాలేదు.

“అమ్మ పోయేదాకా రోజూ వాడికి కంచం పెట్టింది బాబూ. ఇప్పుడు నేను పెడుతున్నాను. పిచ్చిదాన్ననుకుంటున్నావా?”

నేను పలకనని తెలిసే మాట్లాడేది.

ఆగస్టులో ఒక ఆదివారం. పాలరాయి మీద అడుగు పెడితే కాలిపోయే ఎండ. తాడు దాటి ఫొటోలు దిగుతున్నవాళ్ళను తరమడానికి పంటెలిస్ అటు చివరికి వెళ్ళాడు.

ఆమె నా ముందుకొచ్చింది.

“సైప్రస్‌లో ఎముకలు తవ్వి తీస్తున్నారు. నేను రక్తమిస్తే వాటితో పోల్చి చూస్తామని మళ్ళీ ఉత్తరం వచ్చింది. వాడి రక్తసంబంధమంటూ మిగిలింది నేనొక్కదాన్నే.”

భుజం మీది సంచీ కింద పెట్టింది.

“అమ్మ పోతూపోతూ చేతిలో చెయ్యి వేయించుకుంది. ఇవ్వనని. ఇచ్చిన రోజే నీ తమ్ముణ్ణి నువ్వు చంపినట్టేనంది. ఇప్పుడు అడుగుదామంటే నాకెవరూ లేరు. ఆ అబ్బాయికి కళ్ళతో చెబుతావు కదా, చూశాను. నాకూ చెప్పు. ఇమ్మంటావా?”

టోపీ కింద నుంచి చెమట చుక్కొకటి కారింది. కనుబొమ్మ దాటింది. పంటెలిస్ ఇంకా అటే ఉన్నాడు.

కన్ను భగ్గున మండింది. రెండు కళ్ళూ గట్టిగా మూసుకుపోయాయి.

ఒకసారి.

“సరే నాయనా” అంది. సంచీ భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది.

కేకేసి పిలవాలనిపించింది. పిలవలేదు. నా గంట పూర్తయ్యేసరికి ఆమె బస్సెక్కి ఉంటుంది.

ఆ వారమంతా నాకు ముద్ద దిగలేదు. చెమట సంగతి పంటెలిస్‌కొక్కడికే చెప్పాను.

ఆరు నెలలు ఆమె రాలేదు.

ఫిబ్రవరిలో, వేళ్ళు తుపాకీకి అతుక్కుపోయే చలిలో వచ్చింది. నల్లబట్టలు కట్టుకుంది. చిన్న కాగితం పొట్లమొకటి పంటెలిస్ చేతిలో పెట్టింది. పోయినవాళ్ళ పేరున పంచే ఉడికిన గోధుమలు, పంచదార, దానిమ్మ గింజలు.

“ఎవరి పేరునమ్మా?”

“మా ఆర్గిరిస్. మొన్న మట్టిచేశాం. ఒక ముంజేతి ఎముక, సగం దవడ. అంతే దొరికాడు.”

నా వైపు తిరిగింది.

“వెళ్ళిన మూడో రోజే పోయాడట బాబూ. నలభై ఏళ్ళ పైన పెట్టాం ఆ కంచం. మొన్న కడిగి బోర్లించాను.”

చలికి చేతులు రుద్దుకుంది.

“కన్ను మూస్తే అమ్మే కనబడుతోంది. ఏమీ అనదు, చూస్తుంది. ఆ సైనికుడు చెప్పబట్టే ఇచ్చానమ్మా అంటున్నాను. నమ్ముతున్నట్టు లేదు.”

ఇంకొంచెం దగ్గరికి వచ్చింది.

“ఒక్కటి చెప్పు. ఆరోజు నువ్వు చెప్పింది అవుననే కదా?”

పంటెలిస్ నన్నే చూస్తున్నాడు. వచ్చినవాళ్ళకు జవాబిస్తే మాకు పది రోజుల శిక్ష. పైకి రాసి పంపాల్సింది వాడే.

నేను కళ్ళు మూశాను. నిదానంగా, గట్టిగా, ఒకసారి.

“బతికించావు నాయనా” అంది.

ఆమె రోడ్డు దాటేదాకా పంటెలిస్ కదల్లేదు. తర్వాత చేతిగుడ్డ తీసి, దగ్గరికొచ్చి, పొడిగా ఉన్న నా నుదురు తుడిచాడు.